మత్స్యపంక్తి

ఆషాఢము గడచి శ్రావణము ప్రవేశించిన తొలిదినములయందు సజలజలధరపటలావృతమైన గగనమండలము ఒకవైపునను నిరంతరతరంగసంఘట్టితమైన సాగరతీరము వేఱొకవైపునను కూడబలుకుకొనినట్లు పట్టణమును నడుమ నిడికొని తడుపుచుండగా గోడలు చెమర్చి తలుపులు ఉబ్బి ఉప్పుజాడీలో నీరూరి అటకమీది అప్పడములు సహితము మెత్తబడి కాకినాడయంతయు పిండి ఆరవేయ మఱచిన పంచెవలె నుండెను. సూర్యుడు అస్తమించెనో మబ్బుచాటున నిలిచెనో తెలియని ఆ సంధ్యాసమయమున సముద్రమునకు సమీపముననున్న ఒక బహుగృహభవనము యొక్క మూడవ అంతస్తునందలి యొక గదిలో మంజులహరితజలతృణశోభితమును నానావర్ణోపలాస్తృతమునైన అద్దపుతొట్టి యొకటి తనలోని చిన్నదీపముతో వెలుగుచుండెను. అందు తప్తకాంచనవర్ణములగు అయిదు మత్స్యములు మందగమనముతో తిరుగుచుండగా వానికి జానెడు పైని నువ్వుగింజకు ఱెక్కలు మొలచినంతటి సూక్ష్మకీటకములు వందలకొలది ముసురుకొని లేచుచు వ్రాలుచు మరల లేచుచు నుండెను. వానిని పండితులేమందురో మన మెఱుగము. ఆ ప్రాంతపు జనులు నుసుములందురు.

ఆ తొట్టి యెదుట పీటవైచికొని మోకాళ్ళపై అరచేతులు మోపి ఆ నుసుములదండును తేఱిపాఱ చూచుచున్న వృద్ధుని పేరు విరూపాక్షయ్య. వయస్సు అఱువదియెనిమిది. వృత్తి వంట. గోదావరికి ఈ యొడ్డున గాని ఆ యొడ్డున గాని నలువదియైదు సంవత్సరములలో జరిగిన వివాహోపనయనగృహప్రవేశములయందు ఆతని గాడిపొయ్యి రగులని పందిరి అరుదు. ఇన్నూఱు విస్తళ్ళకు సరిపడు గుండిగలోని పులుసునకు ఉప్పు ఎంత తగ్గినదో నాలుకతో పనిలేక నాసికతోనే చెప్పగలవాడు. వడ్డనయందు అంతకంటెను నేర్పరి. చాలు చాలునని విస్తరిపై చేయి అడ్డుపెట్టువారిలో నిజముగా కడుపు నిండినవాడెవడో మొగమాటమునకు చేయి అడ్డుపెట్టి కంటితో బూరెలబుట్టను వెంబడించువాడెవడో ఒక్క చూపున గ్రహించి రెండవవాని చేయి సుతారముగ తొలగించి మఱి రెండు బూరెలు వడ్డించి పోవువాడు. ఈ విద్యయం దాతడు పొరబడినట్లు ఎవరును చెప్పగా వినలేదు.

ఆతనికి గరిటె పట్ట నేర్పిన మేనమామ గరిటెతోపాటు ఒక నియమమును గూడ చేతికిచ్చెను. వండినవాడు కడపటి పంక్తి లేచువఱకు అన్నము ముట్టరాదు. తొలిపంక్తి పెండ్లివారిది. మలిపంక్తి ఊరివారిది. మూడవపంక్తి మేళగాండ్రది. అందఱును తిని చేతులు కడిగికొని తాంబూలములు నోట వేసికొనిన పిమ్మట వంటవాడు విస్తరి వేసికొని ప్రశాంతముగ తినవలెను. విరూపాక్షయ్య నలువదియైదేండ్లు అట్లే తినెను. ఎదుట ఒకరు తృప్తిగా తిని లేచిన చప్పుడు చెవిని పడనిదే ఆతని గొంతులో ముద్ద దిగకుండుట అలవాటై అలవాటు స్వభావమై స్వభావము ఎముకలోనికి ఇంకిపోయెను. పరాయివారి యాకలి తీర్చుటయే తన యాకలికి ఆకుపచ్చజెండాయని ఆతని యుదరము నిశ్చయించుకొనెను.

అటుపిమ్మట కాలము మాఱెను. విస్తరి వేసి కూర్చుండబెట్టు విందులు పోయి పళ్ళెము చేతబట్టి నిలుచుండి తిను విందులు వచ్చెను. పంక్తియే లేనిచోట పంక్తి లేచుట యెక్కడిది? దానికితోడు మోకాళ్ళనొప్పి. ఆతడు గరిటెను అటకమీద పెట్టి ఈ మూడవ అంతస్తు గదిలో ఒంటరిగా కుదురుకొనెను. భార్య తొలికాన్పునందే బిడ్డతోపాటు పోయి ముప్పదియెనిమిదేండ్లైనది. పెండ్లిపందిళ్ళలో నుండగా ఆ లోటు వేయిమంది నడుమ వినబడలేదు. ఇప్పుడు గోడగడియారపు చప్పుడంత స్పష్టముగ వినబడసాగెను. ఆకలి కలదు. అన్నము కలదు. తనకంటె ముందుగా తినువారు లేరు. కాకికి పెట్టవచ్చును గదా యని యొకరనిరి. కాకికి పెట్టుట పితృకార్యము, అతిథికి పెట్టుట వేఱని ఆతడు తల యడ్డముగ త్రిప్పెను. చల్లారిన అన్నమును పళ్ళెములో పెట్టుకొని సగము తిని సగము విడిచిన దినములు అనేకములు.

ఎదురింట హైమవతియను యువతి యుండెను. రేవు చెంతనున్న యొక ప్రభుత్వకార్యాలయమున ఉద్యోగము. తల్లిదండ్రులు చిన్ననాడే పోగా పెదతల్లి యింట పెరిగి ఒక్కతెయే కాపురముండిన పిల్ల. ప్రతి ఆదివారమును విరూపాక్షయ్య వండి పిలుచును. ఆమె వచ్చి కడుపునిండ తినును. ఆమె లేచిన పిమ్మట ఆతడు విస్తరి వేసికొనును. వారమునకు ఒక్కదినమైనను పంక్తి సాగుచుండెను. అంతలో ఆమెకు కర్నూలునకు బదిలీ వచ్చెను. ఆమె వెడలుటకు ముందుదినము తాను పెంచుకొనుచున్న అద్దపుతొట్టిని మత్స్యసహితముగ ఆతని గదిలో పెట్టించెను.

“పది రోజులండి తాతగారూ. ఇల్లు కుదరగానే వచ్చి పట్టుకెళ్తాను. రోజుకి ఒక్కసారి, చిటికెడు మేత వెయ్యండి చాలు. మరిచిపోతారేమోనని కాగితం మీద రాసి తొట్టికి అంటించాను. ఈ చిన్న మిషనుందే, ఇది గాలి కొడుతుంటుంది. అదే వాటి ఊపిరి. ఇది మాత్రం ఆపకండి.”

“ఆయ్, అలాగేనమ్మా. నా ఇంట్లో పస్తులుండటమనేది ఎక్కడైనా ఉందా? నువ్వు నిశ్చింతగా వెళ్లిరా.”

పది దినములు పదునొకండు మాసములయ్యెను. ఒక యిల్లు దొరకక ఒక యిల్లు నచ్చక ఒకమాఱు సెలవు దొరకక ఆమె రాలేకపోయెను. అప్పుడప్పుడు ఫోను చేసి చేపల క్షేమమును తాతగారి మోకాళ్ళ క్షేమమును విచారించుచుండెను.

ఇక్కడ మన కథానాయకుడు చేసిన ఘనకార్యము చెప్పవలసియున్నది. హైమవతి వెడలిన మఱునాటి యుదయమున ఆతడు తొట్టి మూత తీయగానే అయిదు మత్స్యములును ఉపరితలమునకు వచ్చి నోళ్ళు తెఱచుచు మూయుచు తెఱచుచు నిలిచెను. నలువదియైదేండ్ల వడ్డన చేసిన కన్నునకు తెఱచిన నోటికి అర్థ మొక్కటియే. ఆతని గుండె కరిగెను. కాగితముపైని చిటికెడని యుండిన మాట నిజమే. కాని ఇన్నూఱు విస్తళ్ళ గుండిగలో ఉప్పు చల్లిన చేతికి చిటికెడనగా మన పిడికెడు. పైగా ఆ డబ్బాలోని యెండుమేతను వాసనచూచి పాపము ఇదేమి తిండియని జాలిపడి ఉప్పులేకుండ మెత్తగ నుడికించిన అన్నమును వేళ్ళతో మెదిపి వడ్డించెను. నోళ్ళు ఇంకను తెఱచియే యుండెను. మారు వడ్డించెను. అవి నీటిలోనికి దిగిపోయిన పిమ్మట పంక్తి లేచినదని తలచి తాను విస్తరి వేసికొని కడుపునిండ తినెను. ఎన్ని దినములకో ముద్ద హాయిగా గొంతు దిగెను.

ఆనాటినుండి ఉదయమధ్యాహ్నసాయంసమయములందు మూడు పంక్తులు నిరాటంకముగ సాగినవి. శుక్రవారమునాడు గిన్నెలు తోమినంత శ్రద్ధతో పైనీరు మార్చుచుండెను గాని హైమవతి ముచ్చటగా పేర్చిన గులకరాళ్ళను మాత్రము చెదరిపోవునేమోయని కదపలేదు. నొసట తెల్లని మచ్చగల పెద్దచేపకు ఆమె బొట్టుగాడని పేరు పెట్టియుండెను. దానికి విరూపాక్షయ్య అన్నింటికంటె నొక మెదుకు అదనముగ వేయుచుండెను. పంక్తిలో పెద్దవారికి మర్యాద యుండవలెను గదా.

వానకాలపు చెమ్మ తగులగానే నుసుములు పుట్టినవి. మొదట నాలుగు. పిమ్మట నలువది. పక్షము తిరుగకముందే అవి గది నిండి వసారా దాటి మెట్లు దిగి ఇరుగుపొరుగువారి యిండ్లకు చుట్టఱికమునకు బయలుదేఱెను. ఆ శనివారపు సంధ్యవేళ విరూపాక్షయ్య వానివైపు చూచుచు కూర్చుండియుండగానే భవనసంఘమునకు కార్యదర్శియగు సత్తిరాజుగారు లోనికి వచ్చి గుమ్మమువద్దనే నిలిచిరి.

“చూడండి విరూపాక్షంగారూ, పొద్దున్నే మా ఆవిడ కాఫీలో రెండు నుసుములు తేలాయండి. కింది వాళ్లూ పై వాళ్లూ అందరూ నన్నే పట్టుకున్నారు. రేపు కాక పై ఆదివారంలోగా ఇవన్నా పోవాలి, ఆ తొట్టన్నా పోవాలి. మరేమీ అనుకోకండే.”

“అనుకోడానికేముందండి. మీరు చెప్పింది న్యాయమే. తోలేస్తాను.”

సత్తిరాజుగారు మెట్లు దిగిన కొంతసేపటికే ఫోను మ్రోగెను.

“తాతగారూ! ఇల్లు కుదిరిందండి. రేపు కాదు, పై ఆదివారం పొద్దున్నే దిగుతాను. సాయంత్రం బండికి వాటిని తీసుకుని వెళ్లిపోతాను. ఐదూ బాగున్నాయా?”

“ఐదుగురూ బాగున్నారమ్మా.”

ఫోను పెట్టివేసిన పిమ్మట ఆతడు మరల పీటమీదికే వచ్చి కూర్చుండెను. ఆమె వచ్చుచున్నది. సంతోషము. వచ్చి తీసికొనిపోవును. దుఃఖము. రెండును ఒక్క మాటలో వచ్చి కూర్చుండుటచేత దేనికి చోటీయవలెనో తెలియలేదు. ఒక్కటి మాత్రము స్పష్టము. నమ్మి అప్పగించిన అయిదు ప్రాణములను అయిదుగానే ఆమె చేతిలో పెట్టవలెను. అంతకుముందే ఈ నుసుములు పోవలెను. లేనియెడల తొట్టి వీధినపడును, ఇచ్చిన మాటయు దానివెంట పడును.

మఱునాడు ఉదయమున విరూపాక్షయ్య తన వృత్తివిద్యను బయటికి తీసెను. పందిరిలో విస్తళ్ళు పఱచుటకు ముందు మట్టిమూకుడులో నిప్పులు పోసి వేపాకును సాంబ్రాణిని వేసి పొగపట్టి ఈగలను దోమలను తఱుముట ఆతనికి కొట్టినపిండి. చేపలకు పొగ సోకరాదని ముందుచూపుతో పెద్ద తువ్వాలును తడిపి రెండుమడతలు పెట్టి తొట్టిపై నలువైపుల కప్పెను. తలుపులు బిగించెను. కిటికీలు మూసెను. మూకుడును గది నడుమ నుంచి వేపాకులు గుప్పించి తాను వసారాలోనికి వచ్చి నిలుచుండెను. లోపల దట్టమైన పొగ క్రమ్ముకొనెను. శత్రుసంహారము జరుగుచున్నదని ఆతడు మీసము లేని పైపెదవిని దువ్వుకొనెను.

కాని తొట్టి ప్రక్కనున్న బల్లపై హైమవతి ఆపవద్దని చెప్పిపోయిన చిన్నయంత్రము తువ్వాలుకు వెలుపలనే యుండెను. అది ఆపవలసినదని ఆతనికి తోచలేదు. ఆపవద్దన్న మాటయే చెవిలో నిలిచియుండెను. గదిలోని గాలి యేదైన దానిని పీల్చి సన్ననిగొట్టముగుండ నీటిలోనికి పంపుట దాని పని. అది తన పని తాను చేసెను. ఒక గడియసేపు ఆ వేపాకుపొగనంతయు బొట్టుబొట్టుగ నీటిలోనికి పంపెను.

విరూపాక్షయ్య లోనికి వచ్చి తువ్వాలు ఎత్తినప్పుడు మత్స్యములన్నియు ఉపరితలమున మూతులు ఆనించి నోళ్ళు తెఱచుచు మూయుచు నుండెను. ఆకలి గొన్నవి కాబోలునని ఆతని చేయి తనంతట తానే మేతడబ్బామీదికి పోయెను. డబ్బా మూత తీయుచుండగా బొట్టుగాడు ప్రక్కకు ఒఱగుట కనబడెను. అప్పుడు తెలిసెను. కిటికీలు భళ్ళున తెఱచి యంత్రపు తీగను పెఱికి శుక్రవారమునకై బిందెలో తేర్చి యుంచిన నీటిని తెచ్చి పొగనీటిని చెంబులతో తోడిపోసి మంచినీటిని నింపి మోకాళ్ళ నొప్పిని మఱచి అటునిటు పరుగులు పెట్టి గదిలోని పొగ పోగానే యంత్రమును మరల నడిపెను. నాలుగు మత్స్యములు మెల్లమెల్లగ తేఱుకొనెను. బొట్టుగాడు తేఱుకొనలేదు. పొగ తగ్గిన కొంతసేపటికి నుసుములు మాత్రము పిలువని పేరంటమునకు వచ్చినట్లు ఒక్కటొక్కటిగ మరల వచ్చి చేరెను.

ఆతడు ఆ చేపను తమలపాకులో చుట్టి వసారాలోని కనకాంబరపు కుండీలో పాతిపెట్టెను. వడ్డించిన చేతితోనే మన్ను కప్పెను. ఆ దినమున పొయ్యి వెలిగింపలేదు. మాట్లాడించువారు లేని యింట దుఃఖమునకు తొందర యుండదు. అది తీరికగా కూర్చుండెను.

సోమవారమునాడు ఆతడు పెద్దబజారు సందులో అలంకారపు చేపలమ్ము దుకాణమును వెదకికొని పోయెను. దాని యజమానురాలు మెహరున్నీసా యను ఏబదియేండ్ల గృహిణి. ఆతడు జరిగినదంతయు దాచక చెప్పెను. ఆమె చేపలతొట్టి తుడుచుచున్న గుడ్డను ప్రక్కన పెట్టెను.

“పెద్దాయనా, పైన ఎగిరేవాటికి పొగపెడితే ఏం లాభమండి? అడుగున పుట్టేచోటు చూడాలి గాని. ఇంతకీ వాటికి ఏం వేస్తున్నారు?”

విరూపాక్షయ్యకు ఆ దుఃఖములోను కొంత యభిమానము తలయెత్తెను. “మూడు పూటలా అన్నమేనమ్మా. మెత్తగా మెదిపి వేస్తాను. మారు వడ్డించకుండా ఏ పూటా వదల్లేదు.”

ఆమె ప్రక్కతొట్టిలోని చేప నొకదానిని వ్రేలితో చూపెను. పిమ్మట మెల్లగ చెప్పెను. “చేప కడుపు దాని కంటిగుడ్డంతే ఉంటుందండి. నోరు తెరిచేది ఆకలికి కాదు, ఊపిరికి. మీరు వడ్డించింది అవెక్కడ తిన్నాయి? అది నుసుములు తిన్నాయండి.”

విరూపాక్షయ్య దుకాణపు మెట్టుమీద కూర్చుండిపోయెను. ఆమె లోనికి పోయి మంచినీళ్ళు తెచ్చియిచ్చి చేయవలసిన పని చెప్పెను. గులకరాళ్ళన్నియు తీసి కడుగవలెను. నీటిని వడగట్టు స్పాంజిని తొట్టినీటిలోనే పిండవలెను. మూతక్రింది జిడ్డు తుడువవలెను. రెండు దినములు చేపలకు ఏమియు వేయరాదు. అటుపిమ్మట దినమునకు ఆవగింజంత. ఎగురుచున్నవానికై ఒక గిన్నెలో వెనిగరు పోసి బెల్లపుముక్క వేసి ఒక్క చుక్క సబ్బునీరు కలిపి తొట్టిప్రక్కన పెట్టవలెను. తీపివాసనకు వచ్చును. సబ్బుచుక్కచేత తేలక మునుగును.

ఇంటికి వచ్చి ఆతడు గులకరాళ్ళను బక్కెటలోనికి తోడెను. రాళ్ళక్రింద నల్లని బురద. ముక్కు మూసికొనదగిన దుర్గంధము. ఆ బురదయందు తెల్లని సన్నని పురుగులు మెదలుచుండెను. అది మఱేమియు కాదు. పదునొకండు మాసములు తాను మెదిపి మెదిపి వడ్డించిన అన్నము. ఎవరో తినిరని తలచి ప్రతిపూటయు తాను తృప్తిగా లేచి చేయి కడిగికొనెను. ఎవరును తినలేదు. ఇన్నిదినములును తాను ఒంటరిగానే తినెను. ఆ సంగతి బక్కెటలో చూచుకొని విరూపాక్షయ్య ఏడ్చెను. చూచువారు లేరు గనుక కన్నులు తుడుచుకొనుటకు కూడ తొందరపడలేదు.

చేపలకు రెండు దినముల పస్తు. పంక్తి సాగనిదే వంటవాడు తినరాదు గనుక ఆతడును రెండు దినములు పస్తుండెను. శివునిపేర ఉపవాసమున్నవారిని చూచితిమి. విష్ణువుపేర ఉన్నవారిని చూచితిమి. మజ్జిగ చుక్కతో నాలుగు చేపలపేర ఉపవాసమున్న మహానుభావుడు ఈతడొక్కడే. సత్తిరాజుగారు మెట్లమీద ఎదురుపడి ముఖము వాడినదేమని యడుగగా ఒంట్లో నలతయని తప్పించుకొనెను.

ఇక నుసుములకు వడ్డింపవలసియుండెను. వెనిగరు వాసన ఆతనికి గిట్టలేదు. ఎవరికైనను సరే ఇట్టిది పెట్టుటయాయని మనసొప్పక ముదురుబెల్లమును కొద్దినీటిలో కరగించి మిగులపండిన చక్కెరకేళి నొకదానిని చిదిమి చేర్చెను. వాసన చూచి తల పంకించెను. అటుపిమ్మట సబ్బుచుక్క వేయవలెను. అక్కడ చేయి ఆగెను. నలువదియైదేండ్లలో తిన్నవారికి కీడుచేయునది యేదియు ఆ చేయి పాత్రలో వేసి యెఱుగదు. తొట్టివైపు చూచెను. నాలుగు మత్స్యములు నిశ్చలముగ నిలిచియుండెను. కన్నులు మూసికొని చుక్క వేసెను. ఝాము తిరుగకముందే నుసుములు గిన్నె అంచుపై వరుసలుగట్టి కూర్చుండి ఒకదాని వెనుక నొకటిగ దిగినవి. దిగినది లేవలేదు. రెండేండ్లకు ఆతని వంటకు మరల ఇన్నూఱుమంది వచ్చిరి. అందులో లేచిపోయినవారు లేరు. ఆతడు దినమునకు రెండుమాఱులు గిన్నె పారబోసి కడిగి మరల కలిపి పెట్టెను.

బుధవారమునాడు ఆవాలపెట్టెలోని చిన్నచెంచాకొనతో కొలిచి మేత వేసెను. మత్స్యములు కన్నుమూసి తెఱచునంతలో తిని వెడలిపోయెను. ఇంత చిన్నపంక్తి ఆతడు జన్మలో చూచి యెఱుగడు. తానును నాలుగు ముద్దలతో లేచెను. గురువారమునకు నుసుములు సగమయ్యెను. శుక్రవారమునకు వ్రేళ్ళపై లెక్కింపదగియుండెను. ఆదివారమునాడు ఉదయమే సత్తిరాజుగారు వచ్చి గది నాలుగుమూలలు చూచి సంతోషించిరి.

“ఆయ్! ఒక్కటీ లేదండీ! మీరు గట్టివారండి విరూపాక్షంగారూ. నేను ఊరికే మాటన్నాను గాని మనసులో పెట్టుకోకండి.”

హైమవతి తొమ్మిదిగంటలకు వచ్చెను. కొంత చిక్కియుండెను. రాగానే తొట్టియెదుట మోకరించి అద్దముపై అరచేయి ఆనించి లెక్కించుకొనెను. మరల లెక్కించెను. విరూపాక్షయ్య ఆమె అడుగువఱకు ఆగలేదు. పొగ సంగతి యంత్రము సంగతి మెదిపిన అన్నము సంగతి ఒక్క యక్షరము దాచక చెప్పెను. ఆ దినమున ఫోనులో అయిదుగురును బాగున్నారని చెప్పినమాట ఆనాటికి నిజమేయనియు ఆ మఱునాటికి కాదనియు చెప్పెను.

“బొట్టుగాడు పోయాడా,” అని ఆమె మెల్లగ అనెను. కన్నులు నిండెను. కాని కోపము లేదు. “మూడు పూటలా అన్నం ఎందుకు పెట్టారు తాతగారూ? కాగితం మీద రాశాను కదా.”

“ఎవరో ఒకరు ముందు తింటే గాని నాకు ముద్ద దిగదమ్మా. నువ్వు వెళ్లాక వాళ్లే నా పంక్తి.”

ఆ మధ్యాహ్నము ఆతడు పనసపొట్టుకూర, గుమ్మడికాయ పులుసు, కొబ్బరిపచ్చడి, బూరెలు చేసెను. విస్తరి వేసెను. మీరును కూర్చుండుడని ఆమె ఎంత బలవంతపెట్టినను ఆతడు వినక నిలుచుండియే వడ్డించెను. ఆమె తిని చేయి కడిగికొని వచ్చిన పిమ్మట తాను కూర్చుండి యెన్నడు తిననంత తినెను. అప్పుడామె తొట్టిప్రక్కన నిలుచుండి అద్దమువైపు చూచుచు చెప్పెను.

“ఒక పని చేద్దామండి. ఈ నలుగురూ మీ దగ్గరే ఉండనివ్వండి. నాకక్కడ ఆఫీసుతోనే సరిపోతుంది. నాకు వద్దులెండి, నిజంగానే.”

విరూపాక్షయ్య విస్తరి మడిచి ఆమెవైపు చూచెను. ఆమె నోరు వద్దనుచుండెను. అరచేయి మాత్రము అద్దమును విడువకుండెను. చేప ఎటు కదలిన వ్రేళ్ళు అటు కదలుచుండెను. కర్నూలులోని కొత్తయింట ఆమెకును ఎవరును లేరు. తెఱచిన నోటికి అర్థము తెలియక ఆతడు పొరబడెను గాని విస్తరిపై అడ్డుపెట్టిన చేతి విషయమున పొరబడలేదు.

“మొగమాటపడకమ్మా. నీకు కావాలి. నాకు తెలుస్తోంది. నలుగుర్నీ తీసుకెళ్లు.”

“మరి మీకో?”

“నాకేం, వండుకుని తినే చేతులున్నాయి. వెళ్లిరా.”

ఆ సాయంకాలము మెహరున్నీసా వచ్చి గాలి నింపి కట్టియిచ్చిన పారదర్శకపు సంచిలో నాలుగు మత్స్యములును ప్రయాణమైనవి. అద్దపుతొట్టి బరువగుటచేత అచ్చటనే విడువబడెను. హైమవతి ఆటోలోనికి ఎక్కుచు సంచిని ఒడిలో పెట్టుకొని బిడ్డ తలను పట్టుకొనినట్లు పట్టుకొనెను. ఆటో మలుపు తిరుగువఱకు విరూపాక్షయ్య వసారాలో నిలిచి పిమ్మట లోనికి వచ్చి తొట్టిని తుడిచి బోరగిలబెట్టెను. యంత్రపు రొద లేక గది యంతయు మూగదయ్యెను.

సోమవారము మధ్యాహ్నమున వాన వెలిసి కిటికీగుండ పలుచని యెండ నేలపై పడియుండెను. విరూపాక్షయ్య గిద్దెడు బియ్యము వండి ఎదుట విస్తరి వేసికొని అన్నము వడ్డించుకొని నేయి చుక్క వేసికొని కూర్చుండెను. చేయి చాచలేదు. వేడి ఆవిరి లేచి లేచి తగ్గెను. గోడగడియారము తన పని తాను చేసికొనుచుండెను. వేయిమందికి పెట్టిన చేయి ఒక్కనికి పెట్టుకొనలేక విస్తరి ప్రక్కన ఊరకుండెను.

అప్పుడు ఎక్కడనుండియో ఒక్క నుసుము వచ్చెను. బోరగిలిన తొట్టిపై రెండుమాఱులు తిరిగి దారి తప్పినదానివలె ఇటు మరలి విస్తరి అంచున విడిపడియున్న మెదుకుమీద వ్రాలెను. పందిళ్ళలో ఈగలు తోలి తోలి అలవడిన యెడమచేయి తనంతట తానే పైకి లేచెను. మీరు వడ్డించింది నుసుములు తిన్నాయండి యన్న మాట ఆతనికి అప్పుడు గుర్తునకు వచ్చెను. పదునొకండు మాసముల తన వడ్డనకు తుదకు పంక్తిలో కూర్చుండినవారెవరో వారి నందఱిని ముంచివేసిన పిమ్మట గాని ఆతనికి తెలియలేదు. పిలిచినవారిని గుర్తెఱుగక పిలువనివారికి పెట్టుట లోకములో క్రొత్తగాదు. పెట్టిన చేయి పెట్టినదే. తిన్న ప్రాణము తిన్నదే.

లేచిన చేయి మెల్లగ దిగి మోకాలిపై వ్రాలెను. నుసుము ఆ మెదుకుచుట్టు ఒకమాఱు నడచి కొంతసేపు నిలిచి ఱెక్కలు దులుపుకొని కిటికీలోని యెండలోనికి లేచిపోయెను.

పంక్తి లేచినది. విరూపాక్షయ్య కుడిచేత నీరు పట్టి ఔపోశనము చేసి తొలిముద్ద కలుపుకొనెను.